తెలియనమ్మ గుండు

పూర్వం గువ్వలదుర్గాన్ని చిననరసప్ప నాయకుడు ఏలుతున్న రోజుల్లో, ఆ కోట కొలువులో మాదన్న అనే బంటు ఉండేవాడు. యుద్ధానికి మట్టిరంగు ముతక గుడ్డ, దసరా కొలువుకు మాత్రం ఇత్తడి బిళ్ళలు కుట్టిన ఎర్రని పట్టు అంగీ అన్నది ఆ దుర్గపు కట్టుబాటు. ఆ అంగీని కాపాడే భారం బంట్ల భార్యలది. మాదన్న ఇల్లాలు ఓబుళక్క దానిని భారమనుకోలేదు, వరమనుకుంది. చింతపండుతో బిళ్ళలు తోమి, ఎండ కోసం కాక నలుగురి కళ్ళ కోసం వాకిట్లో ఆరవేసేది. "ఏమే, అంగీని ఆరేసినావా, మొగుణ్ణి ఆరేసినావా?" అని ఇరుగమ్మలు ఎగతాళి చేస్తే, "మీవి పెట్టెలోనే పెట్టుకోండి, చెదలన్నా చూసి మురుస్తాయి" అని తిప్పికొట్టేది.

ఒక ఏడు శత్రుసేనలు ఏటి అవతల విడిది చేశాయి. బంట్లందరూ ముతక గుడ్డలు చుట్టుకుని బయలుదేరుతుండగా, ఓబుళక్క పట్టుబట్టి భర్తకు ఎర్ర అంగీ తొడిగింది.

"యుద్ధానికే పోయేది, పండక్కి కాదు" అన్నాడు మాదన్న.

"అంతమందిలో నువ్వెవరో కోటగోడ మీంచి నాకు తెలియాల గదా! ఒక్క మరక పడిందా, గడప తొక్కనియ్యను" అని ఆమె నవ్వింది.

దుర్గం గెలిచింది. మాదన్న రాలేదు, అతని అంగీ వచ్చింది. ఏటి ఒడ్డున, చేతులు లోపలికి పెట్టి చక్కగా మడిచి ఉండగా దొరికింది. దాని మీద నెత్తురు చుక్క లేదు. శవాలలో అతడు లేడు, చెరపడినవారిలోనూ లేడు.

వీరమరణం పొందినవాని అంగీని కొండగుండు మీద పరచి, భార్య గాజులు తీయించి, ఊరంతా మొక్కడం ఆచారం. పారిపోయినవాని అంగీని కోటవాకిట కాల్చి, ఇల్లాలిని ఊరు దాటించడమూ ఆచారమే. మరి దీనినేమి చేయాలి? పారిపోయేవాడు అంత తీరికగా మడత పెడతాడా అన్నారు కొందరు. పోరాడేవాడు అసలెందుకు విప్పుతాడన్నారు మరికొందరు. ఓబుళక్క మనస్సు వేరొక చోట నలిగింది. మరక పడకూడదనే విప్పాడా? అయితే తన గర్వమే అతణ్ణి వట్టి ఒంటితో కత్తుల ఎదుటికి పంపిందా? లేక ఆ ఎరుపును మోయలేక ఏటిలో దిగి ఎటో ఈదిపోయాడా? వీరుడని ఒప్పుకుంటే అతడు చచ్చినట్టు. బతికి ఉన్నాడని ఆశపడితే పిరికివాడైనట్టు. ఈ రెండింటిలో తాను కోరుకుంటున్నది ఏదో ఆమెకే అంతుపట్టలేదు.

పెద్దలు మొదట కోటవాకిట నిప్పు పెట్టించారు, అంగీ అంటుకోలేదు. తీసుకువెళ్ళి గుండు మీద పరిచారు. గాలి లేకుండానే అది లేచి, లోపల మనిషి ఉన్నట్టు భుజాలు నిండి కూర్చుంది. నాయకుడు బిత్తరపోయి, "ఓబుళక్కా, చెబితే నువ్వే చెప్పాల. నీ మొగుడు యాడున్నాడు?" అని అడిగాడు.

"తెలీదు దొరా" అందామె. "చచ్చినాడంటే గాజులు తియ్యను. పారిపోయినాడంటే ఊరు దాటను. నాకు తెలీదు. తెలీదన్నదానికి ఏం శిక్ష ఉందో అది వెయ్యి."

అటువంటి శిక్ష ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు. మొక్కు జరిపించడానికి వచ్చిన పూజారి చేతిలో కుంకుమ పళ్ళెం ఉంది. ఆమెకు ఇవ్వవచ్చునో కూడదో ఆయనకూ తోచలేదు. ఓబుళక్కే చెయ్యి చాచి తీసి పెట్టుకుంది.

ఆమె శేషజీవితమంతా ఆ గుండు చెంతనే గడిచింది, జనం ఆమెను తెలియనమ్మ అని పిలిచారు. ఆమె అనంతరం అంగీ శిల అయింది. భుజాలూ చేతులూ తెలిసేలా ఆ ఎర్రరాయి నేటికీ కనబడుతుంది. తట్టి చూస్తే ఒకవైపు గుల్లగా, ఒకవైపు గట్టిగా మోగుతుంది. దసరా మరునాడు సైనికుల భార్యలు అక్కడికి వస్తారు. సెలవుమీద వచ్చిన భర్త ఇస్త్రీ యూనిఫారంలో, పతకాలతో పక్కనే నిలబడి ఉన్నా సరే, పూజారి "మీ ఆయన ఎక్కడమ్మా?" అని అడగాలి, ఆమె "తెలియదు స్వామీ" అనాలి. కొత్తగా పెళ్ళయినవారు ఆ మాట అనలేక నవ్వేస్తారు. భర్తను సరిహద్దుకు పంపి ఒక ఏడాది గడిపినవారు నవ్వరు. పూజారి పళ్ళెం ముందుకు చాచి, తల పక్కకు తిప్పుకుంటాడు. కుంకుమ ఎవరిది వారే తీసుకోవాలి.