ప్రెసిడెంటు గారి అర్జీ

మా మేనత్త సుభద్రాయమ్మ తులసి దగ్గర దీపం పెట్టిన చేత్తోనే తన కరెంటు చక్రాల కుర్చీకి చార్జింగ్ పెట్టేది. కాళ్ళు పడిపోయాక ఆవిడకి ఆ కుర్చీయే కాళ్ళు.

పంచాయతీ ఆఫీసుకి ఎత్తు మెట్లు, అటూ ఇటూ గోడలు. కుర్చీ ఎక్కేలా వాలు కట్టించమని అర్జీ రాసుకుని వెళ్ళింది. ప్రెసిడెంటు శోభనాద్రి గారు పైనుంచే చెప్పారు: "అర్జీదారు స్వయంగా నా ఎదుటికొచ్చి చేతికివ్వాలమ్మా. రూలు రూలే."

"అలాగే బాబూ" అని అత్తయ్య మెట్లకి వీపు పెట్టి, దారికి అడ్డంగా కుర్చీ ఆపేసి, విష్ణు సహస్రనామం అందుకుంది.

భోజనం వేళకి ప్రెసిడెంటు గారు దిగారు. దారి లేదు. బంట్రోతులు కుర్చీని నెట్టారు, కదల్లేదు. ఎత్తబోయారు, బ్యాటరీల బరువుకి నడుములు పట్టేశాయి. వెనకున్న పిడి తిప్పితే చక్రాల పట్టు వదిలి కుర్చీ దొర్లుతుంది. ఆ పిడి ప్రెసిడెంటు గారి మోకాలి దగ్గరే ఉంది. ఎలా కదులుతుందని అత్తయ్యని ఎవరూ అడగలేదు.

"కొంచెం జరగమ్మా, ఆకలేస్తోంది."

"దానికేం బాబూ, ఒక అర్జీ రాసుకోండి. మీరే స్వయంగా నా ఎదుటికొచ్చి చేతికివ్వాలి. రూలు రూలే."

ఆయన ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాచి, ఆవిడ అర్జీనే అడిగి పుచ్చుకున్నారు.

వాలు కట్టారు. శిలాఫలకం మీద పేరు ఆయనదే. వాలు మీద రోజూ నడిచేదీ ఆయనే, మోకాళ్ళ నొప్పులట. ఎదురుపడితే అత్తయ్యే కుర్చీని పక్కకి జరిపేది, అర్జీ అడక్కుండానే.