మోత విభాగం

ఒకప్పుడు ఒక రాజ్యంలో ఏటికి వరదొస్తే కాపలాదారు గురప్ప గట్టు మీంచి చూసి డప్పు కొట్టేవాడు, ఊరు మెరక ఎక్కేది. రాజుగారికి ఆ పద్ధతి మరీ నాటుగా తోచి, మహారక్షణ శాఖ పెట్టించారు. నీళ్ళను చూడటానికి ఒక విభాగం, కబురు మొయ్యడానికి ఒకటి, ఆజ్ఞ ఇవ్వడానికి మరొకటి. గురప్పది డప్పు మోగించే మోత విభాగం. అతని డప్పును శాఖ భవనంలో పెట్టి తాళం వేశారు. ఆజ్ఞ అందితేనే తీస్తారు.

ఆ ఏడు ఆజ్ఞకంటే ముందే నీళ్ళొచ్చాయి. గురప్ప గొంతు చించుకుని అరిచినా వాన హోరులో ఎవరికీ వినపడలేదు. పల్లపువీధి మొత్తం కొట్టుకుపోయింది. అతని ఇల్లూ ఇల్లాలూ అందులోనే.

సభలో శాఖాధిపతి త్రివిక్రమవర్మ తేల్చేశాడు. "శాఖలో లోపం లేదు ప్రభూ. మోగాల్సిన డప్పు మోగలేదు. తప్పు వీడిదే. తల తీయించండి."

గురప్ప సాష్టాంగపడి, లేస్తూ లేస్తూ దీపపు సెమ్మెను వర్మ వీపు వెనక్కి జరిపాడు. వర్మ ఉత్తరీయం అంచుకు నిప్పంటుకుంది. గురప్ప చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. వీపు చురుక్కుమనేసరికి వర్మ కెవ్వుమని ఉత్తరీయం విసిరేశాడు.

"చూస్తూ కూడా చెప్పవేంరా!"

"చూడటం నా విభాగం కాదు దొరా. చూసేవాళ్ళు చూసి, కబురు మోసి, తమరు ఆజ్ఞ ఇచ్చాక అరుద్దామనుకున్నాను. తమరేమో ఎవరి ఆజ్ఞా లేకుండానే విసిరేసుకున్నారు."

రాజు డప్పు గది తాళంచెవి తెమ్మన్నాడు. ఆ రోజే శాఖ రద్దయింది. డప్పు గురప్ప చేతికొచ్చింది.

అతను గట్టెక్కి ఒక్కసారి మోగించాడు. అలవాటుకొద్దీ పల్లపువీధి వైపు చూశాడు. అటునుంచి ఎవరూ రాలేదు.