చౌడమ్మ అడుగులు మింగిన గడియారం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెద్దక్క వీరనాగమ్మ. ఆవిడ కూరలో ఉప్పు ఎక్కువేసేది గానీ, చెప్పే మాటలో ఏదీ ఎక్కువేసేది కాదు. నేనూ వెయ్యను. ఇటు తిరిగి పడుకుని విను.

అనగనగా ఓ మగ్గాల ఊరు. ఆ ఊళ్ళో చౌడమ్మ అని ఓ పెద్దావిడ. నలభై ఏళ్ళు వీధిలో పడుగు సాచి, దాని వెంట అటూ ఇటూ నడుస్తూ దారానికి గంజి పట్టించింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఎన్ని అడుగులో నిద్దట్లో అడిగినా చెప్పేది.

అలాంటి మనిషికి మోకాలు ఆపరేషనైంది. అప్పుడు ఆసుపత్రి సిస్టరు హేమలత ఆవిడ చేతికో గడియారం కట్టింది.

"ఇది అడుగులు లెక్కపెడుతుంది పెద్దమ్మా. రోజుకి వెయ్యి పడితేనే పడుగు దగ్గరికి పంపిస్తాను" అంది.

మర్నాటి నుంచే చౌడమ్మ కర్ర పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, మెల్లగా నడిచింది. వంద అడుగులకో చింతగింజ కుడి రొంటి నుంచి ఎడమ రొంటికి మార్చింది. రోజూ పది గింజలు మారేవి.

మొదటి సోమవారం సిస్టరు వచ్చి గడియారం చూసింది. రోజుకి నూట ఎనభై.

ఎదురింటి తోటికోడలు కన్నమ్మకీ అదే ఆపరేషన్, అదే గడియారం. ఆవిడ అరుగు దిగేది కాదు. కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. ఆవిడకి రోజుకి మూడు వేలు.

రెండో సోమవారం చౌడమ్మకి నూట యాభై. వెయ్యీ నడిచానని ఆవిడ చింతగింజలు చూపించింది. అప్పుడు సిస్టరు కార్డు మీద ఏదో రాసింది. చౌడమ్మకి చదువు రాదు. కన్నమ్మ తీసుకుని వీధంతా వినేలా చదివింది: "నడవకుండానే నడిచానంటోంది."

"నీకు కాళ్ళకంటే నోరే ఎక్కువ నడుస్తుందే అక్కా" అంది పైగా.

చౌడమ్మ, మళ్ళీ రాట్నం తిప్పుతున్న కన్నమ్మ చేతినే చూస్తూ కూచుంది. ఆ తర్వాత కర్ర మీద కదలకుండా ఉన్న తన చేతిని చూసుకుంది.

మూడో సోమవారం సిస్టరుని నిలబెట్టింది. "నా పక్కన నడువు తల్లీ. నోటితో లెక్కపెట్టు."

సిస్టరు వంద లెక్కపెట్టింది. గడియారంలో పదిహేడు పడ్డాయి. అప్పుడు చౌడమ్మ దాన్ని విప్పి, పడుగు దారంతో చీలమండకి కట్టుకుంది. మళ్ళీ వంద నడిచారు. తొంభై ఆరు పడ్డాయి. ఆ తర్వాత కన్నమ్మని రాట్నం తిప్పమన్నారు. కూచున్నచోటే రెండొందలు నడిచింది.

"మెల్లగా, చెయ్యి ఊపకుండా కర్రతో నడిచేవాళ్ళ అడుగు దీనికి ఆనదు పెద్దమ్మా. నాదే పొరపాటు" అంది సిస్టరు.

"నాలుగడుగులు మింగితే మింగింది. నా మాట మింగకూడదు" అంది చౌడమ్మ.

నెలాఖరుకి ఆవిడ పడుగు దగ్గరికి వెళ్ళింది. కన్నమ్మతో మాత్రం ఇప్పటికీ మాట్లాడదు. సిస్టరుకి వేరే ఊరు బదిలీ అయింది. కార్డు మీది మాట ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ కార్డు ఆసుపత్రి బీరువాలోనే ఉంది.

నీకు రాత వచ్చు కదా బంగారూ. ఎర్ర సిరాతో ఆ మాట కొట్టేసి, ‘చౌడమ్మ నడిచింది’ అని రాయి.

కథేమో కంచికి,
కళ్ళేమో కునుక్కి,
తెల్లారి ఎవరైనా వెళ్ళండి
ఆ కార్డు దగ్గరికి.