గాజుపెట్టెలో సున్నం

ఊళ్ళో ఎవరికీ లేని సముద్రం తన హాల్లో ఉండాలని ముచ్చటపడి ఒకాయన గాజుపెట్టె కొన్నాడు. ఉప్పునీళ్ళు పోశాడు, రాళ్ళు పేర్చాడు. ఆ నీళ్ళు కుదురుకునేదాకా ఆగే ఓపిక మాత్రం లేకపోయింది మహానుభావుడికి. మర్నాడే చేపల జంటను తెచ్చి వదిలాడు. ఆ తొందరకి నారింజ చారల ఆడచేప బలైపోయింది. మగడు సింగారం మిగిలాడు, పెంకుముక్కకి అంటుకున్న గుడ్లతో.

సింగారానికి ఇక ఆ గుడ్లే లోకం. తిండి కూడా మానేసి రెక్కలతో వాటికి విసురుతూ ఉండేవాడు. గుడ్లలో కళ్ళు మెరవడం మొదలైంది. ఇవాళో రేపో పిల్లలు బయటికొస్తాయి.

ఆ పొద్దున ఇంటాయన కాగితం ముక్క నీళ్ళలో ముంచి చూసి, "పి.హెచ్ పడిపోయిందే" అని గొణుక్కుంటూ పనికి వెళ్ళిపోయాడు. అంటే నీళ్ళు పులుపుకి తిరిగాయన్నమాట. సింగారం పెంకు దగ్గర్నుంచే కేకేశాడు.

"నాంచారత్తా, ఆవిడ పోయినట్టే పిల్లలూ పోతారా?"

గాజుకి అంటుకుని పాకుతున్న ముసలి నత్త నాంచారమ్మ తాపీగా అంది. "పొద్దున్నే ఏ పెట్టెలో నీళ్ళైనా కాస్త పులుపే నాయనా. రాత్రంతా తలుపులు బిడాయించుకుని ఇంటిల్లిపాదీ వదిలిన ఊపిరి ఇందులోనేగా కలిసేది. కిటికీ తీస్తారు, లైటు వేస్తారు, రాళ్ళమీది నాచు ఆ ఊపిరిని తినేస్తుంది. మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. నువ్వు విసురుతూ ఉండు."

పోలయ్య వెటకారంగా నవ్వాడు. ఈయనగారు పీత. రొయ్యల చెరువుల పక్కన ఉప్పుటేటి గట్టున పుట్టినవాడు కాబట్టి తనకు తెలియని నీళ్ళు లేవని గొప్ప.

"మావైపు నీళ్ళు తేడా చేస్తే రైతులు సున్నం బస్తాలు విప్పి కుమ్మరిస్తారు అల్లుడూ. ఇక్కడ మూతమీద సున్నం పొట్లం ఉండనే ఉంది. నువ్వు ఊఁ అను, గొట్టం పట్టుకుని ఎక్కి దులిపేస్తా."

"అది ఎకరాల చెరువు పోలయ్యా, ఇది నాలుగు బిందెల నీళ్ళు. ఇంటాయన కూడా చిటికెడు కలిపి చుక్కలు చుక్కలుగా పోస్తాడు" అంది నాంచారమ్మ.

"ముసలావిడ మాట వింటూ ఉండు. పిల్లలు పోయాక ఏడుద్దువుగాని."

ఆ మాట సింగారానికి గుచ్చుకుంది. పెళ్ళాం వెల్లకిలా తేలినప్పుడు తను గుడ్లప్పగించి చూశాడు తప్ప ఏమీ చేయలేకపోయాడు. మళ్ళీ అలా ఉండటం తనవల్ల కాదనిపించింది.

"కానియ్ మావా" అన్నాడు.

పోలయ్య డెక్కతో పొట్లం చీల్చాడు. సున్నమంతా ఒక్కసారే లోపల పడింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. సింగారం మొప్పలు భగ్గున మండాయి. నత్త చిప్పలోకి ముడుచుకుంది. పోలయ్య దిగే ధైర్యం లేక గొట్టం మీదే ఉండిపోయాడు.

భోజనానికొచ్చిన ఇంటాయన లబోదిబోమంటూ నీళ్ళు తోడి కొత్తవి పోశాడు. సింగారం ప్రాణం దక్కింది. గుడ్లు మాత్రం ఉడికినట్టు తెల్లగా అయిపోయాయి. ఒక్క కన్నూ మెరవడం లేదు.

"నీ మంచికే చేశాను అల్లుడూ" అన్నాడు పోలయ్య పైనుంచి. సింగారం పెంకు దగ్గరికి పోయి మళ్ళీ విసరసాగాడు.

"ఇక చాల్లే నాయనా, అవి లేవు" అంది నాంచారమ్మ.

"తెలుసత్తా. ఆపితే ఇంకేం చెయ్యాలో తెలీడం లేదు."

ఆవిడ దగ్గరికి పాకి, పక్కనే ఉండిపోయింది.

నీతి: నిదానంగా కుదురుకునేదాన్ని కంగారుపడి బాగుచేయబోతే, ఉన్నది కూడా పోతుంది.