తొమ్మిది రోజుల ప్రశ్న

పదిహేను రోజులుగా మహబూబ్ పీరాకు ముద్ద దిగడం లేదు.

గురువు బుడన్ సాహెబ్ గారి మాటలు దూరాన ఉన్నవాళ్లకూ అందాలని అతను ఫోన్‌లో ఒక చర్చావేదిక తెరిచాడు. మూడొందల మంది చేరారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు, అదో చిత్రం. అందులోకి 'నిప్పుకణిక' అని పేరు పెట్టుకుని ఎవడో దూరాడు. ఎవరేమడిగినా ఎగతాళే. గురువుగారిని దొంగ ఫకీరన్నాడు. పీరును, అంటే గురువును, మాటంటే మురీదన్న శిష్యుడు ఊరుకోకూడదు కదా. పీరా ఒక్కటీ వదలకుండా బదులిచ్చాడు.

గురువారం పొద్దున పీరా ఫోన్ పట్టుకుని వెళ్లేసరికి గురువుగారు దర్గా వసారాలో చేట ముందేసుకుని కందులు ఏరుకుంటున్నారు.

"హజ్రత్, ఆ నిప్పుకణికతో వాదించి గెలవనా, వాణ్ణి వెళ్లగొట్టనా?"

"నాకు అక్షరాలు రావు గదా నాయనా, మీరు రాసుకున్నదంతా మొదటినుంచీ చదువు. వాడి మాటకో గింజ ఇటు, నీ మాటకో గింజ అటు వేస్తా."

పీరా గట్టిగానే మొదలుపెట్టాడు. పోనుపోను గొంతు తగ్గింది. వాడి వైపు గింజలు పిడికెడు కూడా లేవు. తన వైపు కుప్ప పెరుగుతూనే ఉంది.

మధ్యలో ఒకటి దాటేయబోయాడు.

"అదెవరిది?"

"ఎవరో ఇమాంబీ అంట. ఈ గొడవలోది కాదు హజ్రత్."

"చదువు."

"మా ఆయన పోయి నలభయ్యో రోజు ఫాతెహా కూడా అయింది. నమాజుకు కూర్చుంటే ఏడుపే గాని దువా రావడం లేదు. ఇట్లాంటి నమాజు అల్లా ఒప్పుకుంటాడా? ఎవరైనా చెప్పండి."

గురువుగారి వేళ్ల మధ్య గింజ అట్లాగే ఉండిపోయింది.

"ఎప్పుడు రాసింది?"

"తొమ్మిది రోజులయింది."

"ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు హజ్రత్."

"వాణ్ణి తీసెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"వేలితో నొక్కితే చాలు."

గురువుగారు చేట పక్కన పెట్టారు. "ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది నాయనా."

పీరా పెద్ద పెద్ద మాటలేవో రాశాడు, చెరిపాడు. మళ్లీ రాశాడు, చెరిపాడు. చివరికి, "అమ్మా, ఆలస్యమైంది, మన్నించు. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇట్లాగే ఏడ్చాను. నమాజుకు కూర్చోవడం మానొద్దు. ఇంకేమైనా చెప్పుకోవాలనుంటే చెప్పు, ఉన్నాను" అని పంపాడు.

ఆమె నుంచి బదులు వచ్చేదాకా వసారా మెట్టు మీదే కూర్చున్నాడు. వచ్చాక ఆమెతోనే మాట్లాడుతూ ఉండిపోయాడు.

నిప్పుకణికను తీసెయ్యాలన్న సంగతి అతనికి సాయంత్రందాకా గుర్తే రాలేదు.