పొట్టి స్తంభం, దొర్లుడు దుంగ

ఊ కొడతానంటేనే చెప్తానే సైదా. మధ్యలో నిద్రపోయావంటే మిగతా కథ పిల్లికి చెప్పేస్తా.

అనగనగా సముద్రం అవతల, ఇప్పుడు ట్యునీషియా అంటారే ఆ దేశంలో, కైరవాన్ అని ఒక ఊరు. చుట్టూ బీడునేల, ఎండ, దుమ్ము. వెయ్యేళ్ళ పైమాట. ఆ ఊళ్ళో పెద్ద మసీదు కడుతున్నారు. ఎంత పెద్దదంటే, ఊరు ఊరంతా నమాజుకి నిలబడినా ఇంకా చోటు మిగలాలి.

అంత కప్పు మోయాలంటే స్తంభాలు కావాలి గదా? ఎప్పుడో రాజులు పోయి పాడుబడ్డ పట్నాల నుంచి పాత స్తంభాలు తెచ్చుకున్నారు. ఒకటి తెల్లనిది, ఒకటి ఎర్రనిది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అచ్చం మీ బళ్ళో ప్రార్థన వరసే!

ఆ మసీదు ఇప్పటికీ ఉంది, అది నిజం. ఇక్కణ్ణుంచి మటుకు మీ అమ్మమ్మ అల్లిక. మనం దూదేకేవాళ్ళం, చిటికెడు పత్తిని పరుపంత చేస్తాం.

స్తంభాలు తెచ్చేవాళ్ళలో యాసిర్ అని ఒకడు. నేలమీద దుంగలు పరిచి, వాటిమీద స్తంభాన్ని దొర్లించుకుంటూ తెచ్చేవాడు. మొదటిసారి తెల్ల స్తంభం తెచ్చాడు. ఆ తర్వాత ఎర్ర స్తంభం తెచ్చాడు. మూడోసారి స్తంభం వచ్చింది, యాసిర్ రాలేదు. దారిలో జ్వరం తగిలి పోయాడు. తోటివాళ్ళు స్తంభాన్ని మసీదు దగ్గర దించి, అతని ఆలివ్ దుంగ ఒకటి తెచ్చి భార్య రైహానా చేతిలో పెట్టారు. ఏడవకే, కథ ఇంకా ఉంది.

అప్పుడు పెద్దమేస్త్రీ మన్సూర్ ఆ స్తంభాన్ని కొలిచాడు. బాగా పొట్టి. "ఇది కప్పుకి అందదమ్మా. గుమ్మం ముందు మెట్టుగా వేద్దాం" అన్నాడు.

రైహానాకి ఒళ్ళు మండిపోయింది. "నా పెనిమిటి ఆఖరి మోత అది. దాన్ని తొక్కుకుంటూ పోతారా అందరూ? నిలబెట్టన్నా!" అంది.

మన్సూర్ చెడ్డవాడేం కాదు. స్తంభం కింద దిమ్మ వేశాడు, చాలలేదు. ఆ తర్వాత స్తంభం నెత్తిన, ఆకులు చెక్కిన పాత రాతిదిమ్మ ఒకటి కూర్చాడు, చాలలేదు. ఇంకా జానెడు వెలితి. "మిగతావాటిని కోసేద్దామా?" అన్నాడో కూలీ. "ఒకదాని కోసం అన్నిటినీ పొట్టి చేస్తామట్రా!" అని మేస్త్రీ కసిరాడు.

రైహానా ఇంటికి పోయింది. ఆ దుంగని తలకింద పెట్టుకునే పడుకునేది ఆవిడ. దాని మందమూ జానెడే. యాసిర్ చెయ్యి ఆఖరిగా తగిలిన వస్తువు అదొక్కటే. ఇస్తే ఇంకేం మిగలదు. ఇవ్వకపోతే స్తంభం మెట్టయిపోతుంది. చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకైతే మనసొప్పేది కాదే తల్లీ. ఆవిడకి ఒప్పింది.

దుంగ మోసుకొచ్చి మేస్త్రీకి ఇచ్చింది. "ఇన్నాళ్ళూ స్తంభాల కింద నలిగిందన్నా. ఇక స్తంభం మీద కూర్చోనీ" అంది.

అప్పుడు మన్సూర్ దాన్ని చదరంగా చెక్కి స్తంభం పైన పెట్టాడు. దానిమీంచి కమాను లేపాడు. తాడు పట్టి చూస్తే అన్ని కమానులూ ఒకే ఎత్తు!

ఆ తర్వాత ఆ మసీదుకి చదువు కోసం ఎక్కడెక్కణ్ణుంచో వచ్చారు జనం. దాని ముంగిలి వాలుగా ఉంటుందట. వాననీళ్ళు జారి నేలకింది తొట్టిలోకి పోతాయి. ఆ నీళ్ళు తోడీ తోడీ, తొట్టి మీది బావి అంచు పాలరాయికి తాళ్ళ ఒరిపిడితో గాడులు పడ్డాయట. ఎంత బుద్ధి, ఎంత ఓపిక! దేవుడిల్లంటే అలా ఉండాలి.

రైహానా ముసలిదయ్యాక మనవరాలు అడిగింది, "తాత స్తంభం ఏది నానమ్మా?" అని.

"పైకి చూడు. తక్కువైందేదో నువ్వే చెప్పు" అంది రైహానా.

పిల్ల మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. అన్నీ ఒకే ఎత్తున కప్పు మోస్తున్నాయి. రైహానా నవ్వుకుని, తిన్నగా వెళ్ళి ఒక స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది.

కథేమో కంచికి,
దుంగేమో కమానుకి,
మా సైదమ్మ తలేమో దిండుకి.