కువైట్ ఫోను తాళం

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఓబులేసు చేతిలో ఉన్న ఫోను బిగుసుకుపోయింది. ఇక తెరుచుకోదు.

ఫోను నాగసుబ్బమ్మది. కువైట్‌లో ఎవరింట్లోనో వంటపని చేసి ఆ వారమే తిరిగొచ్చింది. అక్కడ కొన్న ఆ ఫోను అక్కడి కంపెనీ సిమ్ము తప్ప మన సిమ్ము ఒప్పుకోదు. ఆ తాళం తీయించుకోవడానికి రాయచోటిలో ఫోన్లు బాగుచేసే మస్తాన్ ఉస్తాద్ అంగడికి తెచ్చింది. ఆమె తమ్ముడు పుట్టుమూగ, చెవులూ వినపడవు. చెన్నైలో ఒక బేకరీలో పని చేస్తాడు. వాడితో సైగలతోనే మాట్లాడాలి కాబట్టి వీడియోలో ఇద్దరి చేతులూ కనపడాలి. అందుకే ఈ ఫోను.

"కంపెనీకి రాసి, తాళం తీసే నెంబరు తెప్పిద్దాం. అది వచ్చేదాకా ముట్టుకోవద్దు. ఊహించి ఏదో నెంబరు కొడితే ఇంక ఎవరికీ తెరుచుకోదు" అని శిష్యుడు ఓబులేసుకు చెప్పి ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు.

నిండుకుండ తొణకదంటారు. మనవాడి కుండ సగమే నిండింది. కిందటి నెల ఇలాంటిదే ఒకటి వాడి చేతిలో అదృష్టం కొద్దీ తెరుచుకుంది. అప్పటినుంచి బజారంతా వాణ్ణి 'చిన్న ఉస్తాద్' అంటోంది. గురువు తిరిగొచ్చేసరికి తాళం తీసి చూపించాలనుకున్నాడు. ఒక నెంబరు కొట్టాడు. తప్పు. ఇంకొకటి కొట్టాడు. అదీ తప్పే. పంతం పట్టుకుంది. చివరికి, ఇక అవకాశం లేదని తెర మీద వచ్చేసింది.

అప్పుడే బజారు పని ముగించుకుని నాగసుబ్బమ్మ అంగడి మెట్లెక్కింది. వెనకే ఉస్తాద్.

"ఏమైంది నాయనా?"

"ఇది ముందే చెడిపోయిండాది అక్కా. యాడన్నా కింద పడేసినావేమో" అన్నాడు ఓబులేసు. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని వాడికే తెలియదు.

ఆమె ముఖం పాలిపోయింది. "పడింది నాయనా. విమానం దిగేటప్పుడు సంచి జారింది. నా పాడు చేతులు! నీకు ఊరికే పని పెట్టినా. తప్పైపోయింది, ఏమీ అనుకోవద్దు" అని రెండు చేతులూ జోడించింది, తన వయసులో సగం కూడా లేనివాడికి.

ఓబులేసుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నిజం చెబుదామని నోరు తెరిచాడు. బజారులో తనకొచ్చిన పేరు గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఉస్తాద్ ఫోను తెర చూశాడు. శిష్యుడి ముఖం చూశాడు. జేబులోంచి తన ఫోను తీసి, అందులో తన సంగతులన్నీ చెరిపేసి, ఆమె సిమ్ము వేసి ఇచ్చాడు.

"ఇది తీసుకో తల్లీ, దానికి బదులు."

"నేను పగలగొట్టుకుంటే నువ్వెందుకియ్యాల సాయిబన్నా?"

"మా అంగట్లో అంతేలేమ్మా."

వద్దు వద్దంటూనే ఆమె తమ్ముడికి ఫోను కలిపింది. ఉస్తాద్ ఆమె ఎదుట ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద పిండి అంటిన ముఖమొకటి వెలిగిపోయింది. అక్కాతమ్ముళ్ల చేతులు ఆగకుండా ఆడాయి. కాసేపటికి ఆమె పాత ఫోనును చూపించి, తనను తాను చూపించుకుని, కుడిచేతి మీద ఎడమచేత్తో గట్టిగా కొట్టుకుంది.

మూగవాళ్ల భాష ఓబులేసుకు రాదు. అయినా అర్థమైంది. తల ఎత్తలేకపోయాడు.

ఆమె దండం పెట్టి బస్టాండుకు వెళ్లిపోయింది. ఉస్తాద్ తన సిమ్మును కాగితంలో చుట్టి సొరుగులో పెట్టుకున్నాడు.

"మీ ఫోను నేను కొనిస్తా ఉస్తాద్" అన్నాడు ఓబులేసు.

"ఫోనుకు ఫోనిచ్చినాంలే ఓబులేసూ. నీ తప్పును మాత్రం ఆయమ్మ నెత్తిన పెట్టుకోని బస్సెక్కతాండాది."

ఓబులేసు చెప్పులు కూడా వేసుకోలేదు. బజారంతా చూస్తుండగా బస్టాండు వైపు పరిగెత్తాడు.